కోరంగి బురద

సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన అల్లుడికి కొత్తబట్టలు పెట్టడం మన ఆచారం. పెట్టిన మూడోనాడే ఆ కొత్తబట్టలతో సహా అతణ్ణి మోకాళ్ళదాకా బురదలోకి దింపడం మాత్రం ఏ దేశాచారమో నాకు తెలియదు. కాకినాడలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకునే మా బావమరిది నాకు చేసిన మర్యాద ఇది.

దీనికంతటికీ మూలం భోగినాటి రాత్రి నేను నోరు జారడం. నేను తెలుగు పంతుల్ని. హనుమకొండలో ఉద్యోగం. నా సొంత ఊరు ములుగు దగ్గర ఒక పల్లె. భోజనాలయ్యాక అరుగుమీద కూర్చుని, ప్రబంధ కవుల వనవర్ణనలు చదివితే చాలు, మన నేలమీద పూర్వం ఏ యే చెట్లుండేవో ఇట్టే తెలుస్తుందని ఏదో ధోరణిలో అన్నాను.

మా బావమరిది చిన్నగా నవ్వాడు. "బావగారూ, మీ కవులు చెట్లను చూసి రాశారో, ఒకళ్ళ పుస్తకం చూసి ఒకళ్ళు రాశారో మీరు ప్రమాణం చేసి చెప్పగలరా?"

చెప్పలేను. ఆ మాటకొస్తే ఏ తెలుగు పంతులూ చెప్పలేడు. ఒకే వనంలో మంచుకొండ మీది చెట్టునూ మలయపర్వతం మీది చెట్టునూ పక్కపక్కన పూయించిన మహానుభావులున్నారు మనకు.

"చూసిందే చెప్పే సాక్షి ఒకటుంది. ఎల్లుండి చూపిస్తాను, రండి" అన్నాడు.

"ఎక్కడోయ్?"

"కోరంగి బురదలోనండి."

మా ఆవిడ లోపలినుంచి, "తమ్ముడూ, ఆయనకు పెట్టిన పంచె కంచిది సుమా!" అని కేకేసింది. ఆ కేక ఎవరూ పట్టించుకోలేదు.

కాకినాడ నుంచి యానాం పోయే దారిలో సుమారు ఇరవై కిలోమీటర్లు వెళితే కోరంగి వస్తుంది. ఇవాళ చూస్తే అదొక మామూలు ఊరు. ఒకనాడు మాత్రం ఓడలు కట్టిన రేవు. ఇక్కడినుంచి బర్మాకు వలస వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు ఊరి పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి సముద్రం ఉప్పెనై వచ్చి ఊరిమీద పడింది. మిగిలిన రేవును గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మెల్లమెల్లగా పూడ్చేసింది. ఓడలు పోయాయి, బురద మిగిలింది. ఆ బురదలోనే మడ అడవి ఉంది. 1978లో ప్రభుత్వం 235 చదరపు కిలోమీటర్ల మేర దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది.

యాత్రికులకోసం అడవిలో కర్రల వంతెన వేశారు. దానిమీద నడుస్తూ ఉంటే రెండువైపులా మడచెట్లు, తిల్లచెట్లు. మడచెట్టు చుట్టూ బురదలోంచి మేకులు దిగగొట్టినట్టు వేళ్ళు పైకి పొడుచుకొని ఉంటాయి. బురదలో గాలి ఆడదు కనుక చెట్టు ఆ వేళ్ళతో ఊపిరి పీల్చుకుంటుందట. వాటి మధ్య పీతలు, ఎగిరి దూకే చిన్న బురద చేపలు. మా పిల్లలు నీటికుక్క కనిపిస్తుందేమోనని గంటసేపు కాచుకున్నారు. దానికి మా మీద దయ కలగలేదు.

తరువాత పడవ ఎక్కాం. పడవ నడిపే పెద్దాయనకు అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ఆటు సమయం. పాయలో నీళ్ళు తీసి రెండు ఒడ్లూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. 'ఈ అడవి వల్ల మీకేం లాభం' అని నేను అడిగిన ప్రశ్నకు ఆయన తెడ్డు ఆపి నావైపు చూశాడు. "తొంభై ఆరు తుపానులో మీరెక్కడున్నారండి?" అన్నాడు. హనుమకొండలో ఉన్నానన్నాను. "మేం ఇక్కడున్నామండి. గాలిని ఈ మడే కాసిందండి. మడ నరికేసి రొయ్యల చెరువులు తవ్వినకాడ ఏమీ మిగల్లేదండి" అని మళ్ళీ తెడ్డు వేశాడు. 1996 నవంబరు 6 నాటి ఆ రాత్రి గురించి ఆయన ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అభయారణ్యం హద్దు దాటాక ఒకచోట పడవ ఆపించి మా బావమరిది ఒడ్డుకు దిగాడు. నేనూ దిగవలసి వచ్చింది. పంచె సంగతి ఇక చెప్పను. ఒకవైపు తెరిచి ఉన్న ఇనుపగొట్టం ఒకటి తెచ్చాడు. దాన్ని బురదలోకి దించి, మెలితిప్పి, పైకి లాగాడు. గొట్టం నిండా మట్టి. పైన జానెడు గోధుమరంగు, కింద బూడిదరంగు, ఇంకా కింద నలుపు. నలుపు దగ్గర కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నేను ముక్కు మూసుకున్నాను. అతను ఆప్యాయంగా వాసన చూశాడు!

"ఈ వాసన ఉందంటే లోపల గాలి లేదని అర్థం, బావగారూ. గాలి తగలకపోతే పుప్పొడి చెడదు. ఈ నలుపులో ఉన్నది ఏ కాలం నాటిదో గాని, పువ్వు ఎండిపోయింది, చెట్టు పడిపోయింది, కొట్టిన గొడ్డలి తుప్పుపట్టి పోయింది. పుప్పొడి మాత్రం ఉంది."

పువ్వు, పొడి కలిస్తే పుప్పొడి. నా జన్మలో ఆ మాటను ఎన్నివేలసార్లు పలికి ఉంటానో! కవులు దాన్ని చల్లారు, రాల్చారు, తుమ్మెదల రెక్కలకు పూశారు. అది క్షణంలో గాలికి ఎగిరిపోయే అల్పమైన వస్తువనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తీరా చూస్తే పువ్వులో అన్నిటికన్న గట్టిది అదేనట. పుప్పొడి రేణువు పైతొడుగు స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మామూలు ఆమ్లాలు దాన్ని కరిగించలేవు. గాలీ వెలుతురూ తగలకుండా ఉంటే వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు కూడా చెక్కుచెదరదు. పైగా చెట్టు చెట్టుకూ ఆ తొడుగు తీరు వేరు. తొడుగు చూసి చెట్టు జాతి చెప్పవచ్చు.

మర్నాడు తన ప్రయోగశాలకు తీసుకువెళ్ళాడు. ముందుగా, పెరట్లో కోసిన మందార పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఒళ్ళంతా ముళ్ళున్న బంతి! తరువాత ఒక్కొక్క గాజు పలకే మార్చాడు. గడ్డి పుప్పొడి నున్నని గోలీలా ఉంది, దానికి ఒకే ఒక్క కన్ను. ఉప్పునేలల్లో పెరిగే ఇలకూర జాతి మొక్కలది జల్లెడలాగా చుట్టూ చిల్లులే. ఉప్పుపొన్నది చాలా చిన్నది, మూడు చాళ్ళు పడి ఉంది. చాలా రేణువులు వెంట్రుక మందంలో సగం కూడా ఉండవు. మా అత్తగారు పండక్కి జల్లించిన బియ్యప్పిండి వీటి ముందు బండరాళ్ళ కింద లెక్క.

కోరంగి మట్టి పలకలు అతను లక్నోలో చేయించుకొచ్చాడు. అక్కడ బీర్బల్ సాహ్ని పేరుమీద ఒక పెద్ద పరిశోధనా సంస్థ ఉంది. దాని భవనానికి 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, సాహ్ని కన్నుమూశాడు. తరువాత ఆయన భార్య సావిత్రి సాహ్ని ఆ సంస్థను నిలబెట్టింది. మట్టిలోంచి పుప్పొడిని వేరుచేయడానికి ఇసుకను కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. అది గాజును కూడా తినేస్తుంది. చేతిమీద పడితే ఎముకదాకా పోతుంది. 'మా కాలేజీలో పిల్లల మధ్య దాన్ని పెట్టుకునే ధైర్యం నాకు లేదు' అన్నాడు. మంచిపని చేశాడనిపించింది.

రేణువులు దొరికితే సరిపోదు. లెక్క పెట్టాలి. ఒక్కొక్క పొర మట్టిలో తక్కువలో తక్కువ మూడువందల రేణువులు ఏరి, ఏది ఎన్ని అని రాసుకోవాలి. నూటికి గడ్డి ఎంత, మడ ఎంత, అడవిచెట్లు ఎంత అని పొరపొరకూ గీత గీస్తే, అడవి పెరగడమూ తరగడమూ కళ్ళకు కడుతుంది. ఈ పద్ధతిని 1916లో లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ అనే స్వీడన్ దేశీయుడు, ఇప్పుడు ఓస్లో అంటున్న ఊళ్ళో జరిగిన సభలో లోకానికి చూపించాడు.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. "ఏమోయ్, మామిడీ మల్లే సంపెంగా ఎన్ని కనిపించాయి నీకు?"

"దాదాపు ఏమీ లేవండి. అవి ఈగలనూ పురుగులనూ నమ్ముకున్న పూలు. పొదుపరులు. కొద్దిగా పుప్పొడి చేసి చేతికి అందించినట్టు అంటిస్తాయి. గడ్డి గాలిని నమ్ముకుంది. గాలికి దారి తెలియదు గనుక దోసిళ్ళకొద్దీ చల్లుతుంది. అందుకని బురదలో గడ్డి సంఖ్య ఎప్పుడూ ఎక్కువే. దాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు."

కవులు గడ్డిని వదిలేసి మల్లెను పట్టుకున్నారు, బురద మల్లెను వదిలేసి గడ్డిని పట్టుకుంది. ఇద్దరు సాక్షులకూ చెరొక పక్షపాతం ఉందన్నమాట. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

అసలు కథ సముద్రంలో ఉంది. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల కడిగిన నీళ్ళు అందులోకి వస్తాయి. మహారాష్ట్ర జొన్నచేల పుప్పొడి, బస్తరు అడవుల పుప్పొడి, మా ములుగు టేకుచెట్ల పుప్పొడి, కోనసీమ కొబ్బరితోటల పుప్పొడి అన్నీ వానాకాలపు ఎర్రనీటిలో కలిసి, మొగ దాటి, బంగాళాఖాతం అడుగుకు చేరతాయి. అక్కడ ఏటేటా పొరమీద పొరగా పేరుకుంటాయి. ఆ పొరలను కదిలించేవాడు లేడు. ఎండ లేదు, గాలి లేదు, నాగలి లేదు.

2006లో ఒక ఓడ ఆ అడుగును తవ్వింది. తవ్వింది పుప్పొడికోసం కాదు. సముద్రగర్భంలో గడ్డకట్టిన ఇంధన వాయువు ఎంత ఉందో చూడడానికి మన ప్రభుత్వం జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడను తెప్పించింది. కృష్ణా గోదావరుల ఎదుట, 1,200 మీటర్లకు పైగా లోతున, గొట్టాలు దించి మట్టి తీశారు. వాయువు సంగతి వాయువు చూసుకునేవాళ్ళు చూసుకున్నారు. ఆ మట్టి స్తంభాలలో గోదావరి ఎదుటి ఒకదాన్ని మరికొందరు పట్టుకుని చదవసాగారు. మట్టిలో కలిసిన అతి చిన్న గవ్వజీవుల పెంకులలోని కర్బనాన్ని బట్టి ఏ పొర ఏ కాలానిదో కట్టారు.

కామిలో పోంటన్ మొదలైనవారు 2012లో ఆ మట్టిలోని ఆకుల మైనాన్ని పరీక్షించి ప్రకటించారు. అవును, ఆకుపైన ఉండే మెరుపు మైనం కూడా నిలుస్తుంది! చెట్ల ఆకు మైనానికీ, ఎండను ఓర్చుకునే గడ్డిజాతుల మైనానికీ తేడా తెలుస్తుంది. కొరాలీ జోర్జీ మొదలైనవారు 2015లో అదే మట్టిలోని పుప్పొడి లెక్క ప్రకటించారు. వేరువేరు దారుల్లో వెళ్ళినవాళ్ళు ఇంచుమించు ఒకేచోట కలుసుకున్నారు. పదకొండు వేల ఏళ్ళ కిందటి నుంచి సుమారు 4,200 ఏళ్ళ కిందటిదాకా తీరాన మడ అడవీ, దాని వెనుక తీరపు అడవీ బాగా విస్తరించి ఉన్నాయి. వానలు బలంగా ఉన్న కాలం అది. ఆ తరువాత పుప్పొడి మారింది. ఎండనేల మొక్కలు పైకి వచ్చాయి. 1,700 ఏళ్ళ కిందటికి మార్పు స్థిరపడింది. అంతటితో ఆగలేదు. వానలు ఒక శతాబ్దం దండిగా, మరో శతాబ్దం దరిద్రంగా కురవడం మొదలైంది.

మా బావమరిది ఇదంతా చెప్పి, "మడ ఎక్కువ కావడానికి వానొక్కటే కారణం కాదండోయ్. ఆ కాలంలో సముద్రం కూడా పైకి లేస్తూ ఉంది. తీరం కదిలితే మడా కదులుతుంది" అని ఒక మెలిక పెట్టాడు. సాక్షి చెప్పింది విన్నాక కూడా సాక్షిని అనుమానించే ఈ గుణం నాకు నచ్చింది. మా శాఖలో ఇది కొంచెం తక్కువ.

నా మనస్సు మాత్రం 1,700 ఏళ్ళ దగ్గర ఆగిపోయింది. ఎందుకంటే పోంటన్ బృందం చివర ఒక ఊహ చేసింది. వాన నమ్మదగినది కాకుండా పోయినందువల్లనే దక్షిణదేశంలో నీరు నిలవచేసే పనులు అంత త్వరగా వ్యాపించి ఉండవచ్చునని. నీరు నిలవచేసే పనులంటే మరేమిటి? చెరువులు!

నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు కాకతీయుల చెరువుల గురించి చెబుతున్నాను. చెరువు తవ్వించడం సప్తసంతానాలలో ఒకటనీ, పుణ్యంకోసం, కీర్తికోసం రాజులూ సామంతులూ తవ్వించారనీ చెబుతాను. మా ఇంటికి దగ్గరే రామప్ప చెరువు, లక్నవరం. అక్కడి గుడి శాసనం 1213 నాటిది. వాటి మత్తడి దూకిన నీళ్ళు చివరికి గోదావరిలోకే పోతాయి. శాసనాలు పుణ్యమన్నాయి, నేను పుణ్యమన్నాను. కిలోమీటరుకు పైగా లోతున ఉన్న బురద మాత్రం, 'నాయనా, దాహం' అంటున్నది. ఇందులో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కరలేదు. కరువు తానుగా గడ్డపార పట్టి చెరువు తవ్వదు. తవ్వినవాడికి పుణ్యమనే మాట చేతిలో పెట్టవలసి వచ్చింది కాబోలు.

"అయితే మా ఊరి చెరువు మట్టిలో కూడా ఇవన్నీ ఉంటాయా?" అని అడిగాను.

అడిగి ఉండకూడదు. "ఉండేవేమో. పూడిక తీశారా?" అన్నాడు.

తీశారు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా ఊరి చెరువును కూడా జాబితాలో చేర్పించాలని అర్జీ రాసి పెట్టింది నేనే. తెలుగు పంతుల్ని గదా, అర్జీ దివ్యంగా వచ్చింది. వేసవిలో యంత్రాలు దిగాయి. ట్రాక్టర్ల కొద్దీ నల్లమట్టి పొలాలకు పోయింది. "సారూ, ఇగ మూడేండ్లు ఎరువు బస్త కొననవసరం లేదు" అని మా పక్కింటి రైతు నా చేతులు పట్టుకున్నాడు. ఆ ఏడు కాదు, తరువాతి ఏడు వానకు చెరువు నిండింది. మత్తడి దూకితే ఊరంతా చూడడానికి వెళ్ళాం. కాకతీయుల నాటినుంచి ఆ చెరువులో దాఖలైన కాగితాలన్నీ నేనే స్వహస్తాలతో సంతకం పెట్టి పొలాల్లో చల్లించానన్నమాట!

నా ముఖం చూసి అతనికి జాలి వేసినట్టుంది. "బెంగపడకండి బావగారూ. మీ చెరువు వేసవిలో ఎండేదా?" అన్నాడు. నాలుగేళ్ళకోసారి నెర్రెలు వారేదన్నాను. "అయితే పైపొరల్లో పుప్పొడి ఎప్పుడో చెడిపోయి ఉంటుంది. ఎండా గాలీ తగిలితే నిలవదు. ఎప్పుడూ తడి ఆరని గుంట ఏదైనా ఉంటే దానిలో ఉండవచ్చు. అందుకే గదండీ, సముద్రం అడుగుకు పోయేది!"

ఓదార్పో, నిజమో! రైతు ముఖం తలుచుకుంటే అర్జీ రాసినందుకు నాకు విచారం లేదు. మళ్ళీ రాయవలసివస్తే మళ్ళీ రాస్తాను. కాకపోతే ఈసారి యంత్రాలు దిగడానికి ముందు ఒక గొట్టెడు మట్టి తీసి దాచమని ఒక వాక్యం కలుపుతాను.

అన్నట్టు బురదకు కూడా కష్టకాలం వచ్చింది. నదిమీద ఎక్కడికక్కడ ఆనకట్టలూ జలాశయాలూ లేచాక సముద్రానికి చేరే ఒండ్రు బాగా తగ్గింది. మన కాలపు పుప్పొడి చాలామటుకు దారిలోనే, జలాశయాల అడుగున దిగబడుతున్నది. మనం ఏం పండించామో, ఏం నరికామో రేపు చదవదలచినవాడు వాటి అడుగున వెతుక్కోవాలి. కోరంగి పైపొరలో మాత్రం సరుగుడు పుప్పొడి కనిపిస్తుందట. సరుగుడు తోటలు ఈ తీరానికి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చాయి. అది దండిగా కనిపించిందంటే పొర మన ముత్తాతల కాలం దాటి కిందికి పోలేదని గుర్తు.

ఉగాదికి మా ఊరు వెళ్ళాను. తూము పక్కన రాళ్ళగుంట ఒకటి ఉంది. యంత్రం అక్కడికి దిగలేక వదిలేసింది. నా చిన్నతనంలో ఎంతటి కరువులోనూ అందులో తడి ఆరేది కాదు, గేదెలు పడుకునేవి. గొట్టం లేదు గనుక గడ్డపారతోనే మూరెడు లోతు తవ్వించాను. నల్లమట్టి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే అదే కుళ్ళిన కోడిగుడ్డు వాసన! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తవ్విన కుర్రవాడు నావైపు అదోలా చూశాడు.

మట్టిని ఖాళీ హార్లిక్సు సీసాలో పెట్టి, మూతకు మైనం కరగపోసి, కాకినాడకు పంపించాను. ఆవకాయ అనుకుని మా అత్తగారు మూత తీయబోయిందట, ఆఖరి నిమిషంలో ఆపారు. అక్కడినుంచి అది లక్నో వెళ్ళి పలకలై తిరిగి వచ్చింది. మొన్న ఫోను చేసి, ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"నూటనలభై అయ్యాయి బావగారూ. గడ్డే ఎక్కువ. తుంగ ఉంది. ఒకటి మాత్రం ఏమిటో పోల్చుకోలేకపోతున్నాను" అన్నాడు.